నేరేడుచెట్టు నీడలో ధ్యానము

ధ్యానమనగానే మనకు ముడివడిన కనుబొమలు, బిగించిన పెదవులు తలపునకు వచ్చును. మనస్సు కోతివంటిదనియు, దానిని కట్టివేయుటయే ఏకాగ్రత యనియు పెద్దలవలన వినియుంటిమి. బౌద్ధుల పాలిగ్రంథములు ఈ విషయమున వేఱొక త్రోవ చూపుచున్నవి.

సిద్ధార్థుడు ఇల్లు విడిచిన పిదప ఆళారకాలామునియొద్దను, ఉద్దకరామపుత్రునియొద్దను ఉన్నతసమాధులు నేర్చి, తృప్తి చెందక వెడలిపోయెను. పిదప పండ్లు బిగించి, నాలుకను అంగిటికి నొక్కి, మనస్సును మనస్సుతోనే అణచ యత్నించెను. చంకలనుండి చెమట కాఱినదని మజ్ఝిమనికాయములోని మహాసచ్చకసుత్తము చెప్పుచున్నది. ఊపిరి బిగబట్టెను. ఆహారము తగ్గించెను. కడుపు తడిమినచో వెన్నెముక చేతికి దొరకెడి స్థితి వచ్చినది.

అప్పుడు చిన్ననాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చెను. తండ్రి పనిలోనుండగా (మన ఏరువాకవంటి పండుగ నాడని వ్యాఖ్యాతలందురు) తాను నేరేడుచెట్టు నీడను కూర్చుండి, ఎవరును నేర్పకయే, ప్రథమధ్యానమును పొందియుండెను. బోధకు మార్గమిదియే కాదా? కామముతోను, పాపముతోను పొత్తులేని ఆ సుఖమునకు తానేల భయపడవలెను? ఎండిన దేహమునకు అది లభింపదని గ్రహించి సిద్ధార్థుడు అన్నము తినెను. వెంటనున్న ఐదుగురును ఆయన భోగములకు లోబడెనని విడిచిపోయిరి. మారుని సేనల కథకంటె ఈ అన్నపుముద్ద కథయే నాకు గొప్పదిగా తోచును.

ఆ ప్రథమధ్యానమునకు ఐదంగములు కలవు: వితర్కము, విచారము, ప్రీతి, సుఖము, ఏకాగ్రత. ఇచట విచారమనగా దుఃఖము కాదు. గంటను కొట్టుట వితర్కమువంటిది; పిదప నిలిచియుండు మ్రోత విచారమువంటిది. ఎడారిలో డస్సిన బాటసారికి నీరు కనబడినప్పటి సంతోషము ప్రీతి; ఆ నీరు త్రాగి చెట్టునీడను ఒరగినప్పటి హాయి సుఖము. ఈ పోలికలు క్రీ. శ. 5వ శతాబ్దమున సింహళమందలి అనురాధపురమున విశుద్ధిమార్గమును రచించిన బుద్ధఘోషునివి.

ఆయన చెప్పిన సాధనలలో పృథివీకసిణము ఒకటి. తొలిసంజ వన్నె గల మన్నుతో జేనెడు నాలుగంగుళముల బిళ్ల చేసి, దానికి రెండున్నర మూరల దూరమున కూర్చుండవలెను. కన్నులు మిక్కిలి విప్పినచో అలయును. చాలక విప్పినచో నిద్ర ముంచుకొనివచ్చును. అద్దములో మొగము చూచుకొనునట్లు తేలికగా చూడవలెను. చూచుచు, కన్నులు మూయుచు, వందలమార్లు, వేలమార్లు సాధింపగా, కన్ను మూసినను ఆ బిళ్ల కానవచ్చును. ఆపైన మన్ను మచ్చలేని నిర్మలరూపము, మబ్బు వెడలిన చంద్రునివలె పొడచూపును. దానిని రాణి తన కడుపులోని చక్రవర్తిని కాపాడుకొనునట్లు కాపాడుకొనవలెనట. మాటలు, తిండి, నివాసము, స్నేహము అన్నియు ఆ కాపుదలకై దిద్దుకొనవలసినవే. ఒత్తిడితో దానిని రప్పింపరాదు.

ఈ ధ్యానములు లేకయే విపశ్యన సాధ్యమా యను వివాదము పాతది. బర్మాలో మహాసి సయాడో (1904–1982) సాధ్యమే యని బోధించెను. ముందు ధ్యానములే కావలెనను గురువులును అచట కలరు. బుద్ధఘోషుడును ధ్యానములేని విపశ్యకుని ఎఱుగును. కాని ధ్యానమార్గమున నడువదలచిన వానికి సుఖముకూడ తుదిమెట్టు కాదు. రెండవ ధ్యానమున వితర్కవిచారములు, మూడవదానిలో ప్రీతి, నాలుగవదానిలో సుఖమును జాఱిపోయి ఉపేక్ష నిలుచును.

అయితే తొందర పనికిరాదు. కొండనేల తెలియని ఆవు క్రొత్త పచ్చికకై ముందుకాలు నిలద్రొక్కుకొనకయే వెనుకకా లెత్తినచో, క్రొత్తమేత దొరకదు సరికదా, మునుపున్న చోటికిని క్షేమముగా తిరిగిరాలేదని అంగుత్తరనికాయము చెప్పుచున్నది. ప్రథమధ్యానము కుదురకమునుపే రెండవదానికి చేయిచాచినవాడును ఆ ఆవు వంటివాడే.