పాలపిట్ట దర్శనము
(శరన్నవరాత్రులలో మహానవమి నాటి సాయంకాల ప్రసంగ పాఠము)



రేపు విజయదశమి. మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో రేపు సాయంకాలం ఇంటిల్లిపాదీ కొత్తబట్టలు కట్టుకొని ఊరి పొలిమేర దాటుతారు. జమ్మిచెట్టుకు పూజచేసి, పాలపిట్టను చూచి, జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి నమస్కరిస్తారు. అజ్ఞాతవాసం ముగించి వస్తున్న పాండవులకు ఈ పక్షి కనిపించిన పిమ్మటనే జయము కలిగినదని మన పెద్దలు చెబుతారు. ఆ పక్షిని గురించే నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునకు ఒక అవధూత కథ చెబుతాడు. ఏ సొత్తూ లేక, ఏ పనీ చేయక ఇంత ఆనందంగా ఎట్లున్నావని యదుమహారాజు అడిగితే, తనకు 24 మంది గురువులున్నారని ఆ అవధూత సమాధానమిస్తాడు. ఆ గురువులలో పావురమున్నది, కురరపక్షి యున్నది, తేనెటీగ, శలభము, సాలెపురుగు, భ్రమరము ఉన్నవి. వీటిలో దేనినీ ఆయన పట్టి తెచ్చుకోలేదు. తిరుగుతూ తిరుగుతూ నిలిచి చూచినాడు, అంతే. పిల్లల కోసమై వలలో పడిన పావురమును కూడా చూచినాడు. కాని ఆ వల ఆయనది కాదు.

మనమో, ఆ వలకు రూపాయి ఇస్తున్నాము. కటువుగా అన్నానేమో, కాని ఇందులో నా పాలు కూడా ఉన్నది. నా చిన్నతనంలో ఒక దసరానాడు మా ఇంటి ముందుకు ఒకతను వెదురు పంజరంతో వచ్చినాడు. మా నాయనమ్మ నా చేతికి నాణెమిచ్చి, “మొక్కు బిడ్డా, పాలపిట్ట” అన్నది. నేను మొక్కినాను. మట్టిరంగు పక్షి ఒకటి మూలకు ఒదిగి కూర్చున్నది. పాలపిట్ట నీలమని విన్నవాడిని కనుక, “నీలం ఏది నాయనమ్మా?” అని అడిగినాను. ఆమె ఏమీ చెప్పలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చాలా ఏండ్ల తర్వాత పొలం గట్టు మీద దొరికినది. కరెంటు తీగ మీద ఒక పక్షి కదలక కూర్చున్నది. రొమ్ము గోధుమవన్నె, వీపు మట్టిరంగు. నేనూ కదలలేదు. కొంతసేపటికి అది గడ్డిలో మిడుతను చూచి కిందికి దూకినది. అప్పుడు రెక్కలు విచ్చుకున్నవి! ముదురు నీలము, లేత నీలము, మళ్ళీ ముదురు నీలము. సంస్కృతంలో చాషమనే ఈ పక్షిని ఉత్తరాది వారు నీలకంఠమంటారు గాని, దాని కంఠము నీలము కాదు. నీలమంతా చాలవరకు రెక్కలలోనే ఉన్నది. ఎగిరితే తప్ప అది పూర్తిగా కనబడదు. పంజరములో దాచిపెట్టబడేది సరిగ్గా మనము చూడగోరినదే.

ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తారు, లేదా జిగురు పూస్తారు. పండుగ దాటిన తర్వాత అటువంటి పక్షి బ్రతకడం కష్టము. పాలపిట్ట 2014 నుండి తెలంగాణ రాష్ట్ర పక్షి. దానిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరము. పట్టేవాడు పేదవాడు, అతని మీద కోపగించడం సులభము. నాణెమిచ్చే చేయి ఆగితే పంజరము దానంతటదే ఖాళీ అవుతుంది.

ఒక పక్షి కంటికి కనబడకుండా పోవడమంటే ఏమిటో మన ప్రాంతానికి తెలియనిది కాదు. రామాయణంలో జటాయువు కథ వింటూ కన్నీరు పెట్టే మనము, ఒకనాడు ఆయన వంశమైన రాబందులను ఊరి బయట గుంపులుగా చూచేవారము. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరముల ద్వారా వాటి కడుపులో చేరి, మూత్రపిండములు చెడి, 1990ల నుండి అవి దేశమంతటా రాలిపోయినవి. 2006లో ఆ పశువుల మందును ప్రభుత్వము నిషేధించినది. 2013లో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట కొండచరియలలో రాబందుల గూళ్ళు కనబడినవి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే జాతి అది. పోయినంత వేగంగా తిరిగి రాదు.

పాలపిట్ట ఇంకా మన తీగల మీదనే ఉన్నది. తొర్రలలో గూడు పెడుతుంది కనుక, చేనులో మోడువారిన తాటిచెట్టు ఉంటే దయచేసి కొట్టివేయకండి.

రేపు పంజరము ఇంటి ముందుకు వస్తే పిల్లల చేతికి నాణెమివ్వకండి. పొద్దు వాలకముందే బయలుదేరండి. మక్క కోసిన చేల పక్క తీగలను, ఒంటరి మోడులను చూడండి. దగ్గరకు పోవద్దు, చప్పట్లు కొట్టవద్దు. పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి, అది తనంతట తాను ఎగిరే వరకు ఉండండి. జమ్మిచెట్టు వద్ద పూజ కొంత ఆలస్యమైనా ఫరవాలేదు, మేము వేచి ఉంటాము.