ఏ పనికి ఏ కత్తి?

(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో ఒకరు మంచాన పడితే మిగిలినవాళ్లకు నిద్ర ఉండదు. వంట కూడా హడావిడిగా చేస్తారు. అలాంటి రోజుల్లోనే వేళ్లు తెగుతాయి. రోగిని చూసుకోవలసిన మనిషే రోగి కాకూడదు. అందుకే ఈ రోజు మన ఇళ్లల్లో ఉండే కత్తుల గురించి మాట్లాడుకుందాం.

మన పెద్దలు ఒక్కో పనికి ఒక్కో కత్తి చేయించుకున్నారు. కమ్మరి ఆ పనిని బట్టే దానికి బరువు, వంపు, పిడి పెట్టేవాడు. ఒకదాని పని ఇంకొకదానితో చేయబోతే కత్తి జారుతుంది, చెయ్యి తెగుతుంది.

కత్తిపీట: కూరగాయలకు, చేపలకు ఇది మంచిది. ఇందులో కత్తి కదలదు, కాయే కదులుతుంది. పీటను కాలితో గట్టిగా తొక్కిపట్టి, కాయను రెండు చేతులతో కత్తికి ఆనించి నెట్టాలి. దీనితో అసలు ప్రమాదం మనం లేచాక మొదలవుతుంది. ఎవరో పిలిచారని దాన్ని అలాగే వదిలి వెళ్లకండి. పాకే పిల్లలు దాని మీద పడతారు. పని కాగానే అంచు గోడవైపు తిప్పి, పిల్లలకు అందని చోట పెట్టండి. తల తిరిగేవాళ్లు, చేతులు వణికేవాళ్లు దీని ముందు కూర్చోకూడదు.

చాకు: పండ్లకు ఇది చాలు. మీరు వార్డుకు తెచ్చుకునేదీ ఇదే. మడత చాకు కీలు వదులైతే వేళ్ల మీదికి మూసుకుంటుంది. కాబట్టి మడవని చిన్న చాకు తెచ్చుకోండి, దానికి అట్టతోనైనా ఒక ఒర చేయండి. పండును అరచేతిలో పెట్టుకుని కోయకండి, పళ్లెంలో పెట్టి కోయండి.

మాంసం కత్తి: ఎముక కొట్టడానికి బరువైన కత్తి, కింద కదలని మొద్దు ఉండాలి. చాకుతో ఎముక కొడితే అంచు విరిగి కంట్లో పడవచ్చు. ఇంకో మాట. పచ్చి మాంసం కోసిన కత్తితోనే రోగికి పండు కోయకండి. మాంసంలోని క్రిములు పండుకు అంటుకుంటాయి. రెండింటికీ వేరు వేరు కత్తులు ఉంచుకోండి. ఒకటే ఉంటే సబ్బుతో బాగా కడిగాకే వాడండి.

కొబ్బరికాయ: పీచు తీసిన కాయను పగలగొట్టడానికి కత్తి అంచుతో పని లేదు. బరువైన కత్తి వెనుక వైపుతో కాయను తిప్పుతూ కొడితే పగులుతుంది. చాకు మొన గుచ్చి తిప్పితే అది జారి అరచేతిలో దిగుతుంది.

కొడవలి: ఇది వరికి, గడ్డికి. దాని కక్కు పైరును పట్టి కోస్తుంది. కట్టెలు కొట్టడానికి పనికిరాదు.

కత్తి ఏదైనా సాన పట్టించి ఉంచండి. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, నొక్కితే జారుతుంది. అంట్ల గిన్నెల నీళ్లలో కత్తిని వేయకండి. చేతి నుంచి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. మన పెద్దలు కత్తిని చేతికి అందించరు, కింద పెడితే రెండోవాళ్లు తీసుకుంటారు. ఆ అలవాటు వేళ్లకు మంచిదే.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. మనిషి ఒంటి మీద చేయవలసిన పనికి మన ఇంటి కత్తి ఏదీ తగదు.

1. ఇంటి దగ్గర అనుకోకుండా కాన్పు అయితే కొడవలితోగాని, చాకుతోగాని బొడ్డుతాడు కోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంతవరకు బిడ్డను తుడిచి తల్లి ఒంటికి ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. పూర్వం ఇలా కోసిన బొడ్డు నుంచి ధనుర్వాతం సోకి ఎందరో పసికందులు చనిపోయారు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరగడం వల్లే 2015లో మన దేశం ఈ జబ్బును అదుపులోకి తెచ్చినట్లు ప్రకటించగలిగింది.

2. పాము కరిచిన చోట గాటు పెట్టకండి. విషం బయటికి రాదు, రక్తం పోతుంది. మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకురండి.

3. షుగరు జబ్బు ఉన్నవాళ్లు కాలి ఆనెకాయలను చాకుతో చెక్కకూడదు. కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి తెగినా తెలియదు. ఆ పుండు కాలు తీసేదాకా పోవచ్చు.

చెయ్యి తెగితే ఏం చేయాలి? పారే నీళ్లతో, సబ్బుతో కడగండి. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు ఆపకుండా గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. మధ్యమధ్యలో తీసి చూడవద్దు. రక్తం ధారగా కారుతుంటే కడగడం కోసం ఆగకండి, ముందు నొక్కి పట్టండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, బూడిద వేయకండి. రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా ఆసుపత్రికి రండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు చిన్న గాయమని ఊరుకోకూడదు.

వేలు తెగి పడిపోతే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ సంచిని ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ఉంచి తెండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిమి వల్ల వస్తుంది. కత్తి మెరుస్తున్నా ఆ క్రిమి ఉండవచ్చు. శుభ్రమైన చిన్న గాయమైతే చివరి ఇంజెక్షన్ వేసుకుని 10 ఏళ్లు, మురికి గాయమైతే 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో పాత టీటీకి బదులు ఇప్పుడు టీడీ వేస్తున్నారు.

ఇంటికి వెళ్లాక మీ వంటింట్లో కత్తులు ఎక్కడ పెట్టారో ఒకసారి చూసుకోండి. వాటికి ఒక చోటు ఏర్పాటు చేయండి. దేని పని దానితోనే చేయండి.