వసతి పాఠశాలలో ఆటస్థలము, పాటగది

విశాఖపట్టణము చుట్టుపట్ల వసతి పాఠశాలలు పెక్కు గలవు. సముద్రతీరమున కొన్ని, కొండల మరుగున కొన్ని. పాడేరు, అరకు ప్రాంతములందు గిరిజన సంక్షేమశాఖవారి ఆశ్రమ పాఠశాలలును గురుకులములును కలవు. వీనిలో పెద్ద రుసుములు చెల్లింపగలవారి బిడ్డలు చదువునవి కొన్ని. ఇంట రెండుపూటల అన్నము కుదురని బిడ్డలు చదువునవి కొన్ని. ఈ రెండు తరగతుల పాఠశాలలందును ఇటీవల కళామందిరములను గూర్చియు, క్రీడాప్రాంగణములను గూర్చియు ఆలోచన బయలుదేరినది. కొందఱు కట్టుచున్నారు; కొందఱు కట్టవలెనని తలపోయుచున్నారు. ఆ పని యెట్లు జరుగవలయునో ఈ సాయంకాలము మీతో కొంత ముచ్చటించెదను.

ఇంటినుండి బడికి పోవు పిల్లవానికి బడి విడిచిన పిదప వీథి యున్నది. వీథిలో తోడివారున్నారు. గుడిలో భజన యున్నది. గ్రామదేవత పండుగ వచ్చినచో తప్పెటగుళ్ళవారు రొమ్ముమీద తప్పెట కట్టుకొని ఎగిరి యాడుట చూడవచ్చును. అమ్మమ్మ పాట యున్నది. వసతి పాఠశాలలోని పిల్లవానికి ఇవి యేవియు లేవు. ప్రహరిగోడ లోపల నున్నదే వాని వీథి, వాని గుడి, వాని తిరునాళ్ళు. తరగతులు ముగిసిన గంటకును, రాత్రి భోజనపు గంటకును నడుమ గల కాలమే వానికి కష్టకాలము. క్రొత్తగా చేరిన బిడ్డ ఇల్లు తలంచుకొని కంట నీరు పెట్టునది యే వేళనో, వార్డెను పని చేసినవారి నడిగిన చెప్పగలరు. కావున ఇతర పాఠశాలలలో ఆటస్థలము చదువునకు ఒక అలంకారమైనను కావచ్చును గాని, వసతి పాఠశాలలో అది వంటయింటివంటిది.

ఈ మాట నేను క్రొత్తగా చెప్పుట లేదు. 2009వ సంవత్సరపు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఉండవలసిన వానిని పేర్కొనుచు, తరగతిగదులతోను, మంచినీటితోను పాటుగ ఆటస్థలమును గూడ చేర్చినది. 6 మొదలు 8వ తరగతి వఱకు గల పాఠశాలలో విద్యార్థులు నూర్గురకు మించినచో కళలకొక బోధకుడు, ఆరోగ్య వ్యాయామవిద్య కొకడు, చేతిపనుల కొకడు, కొద్దికాలపు కొలువువారైనను ఉండవలెనని చెప్పినది. చట్టములో గది తోడనే బోధకుడును ఉన్నాడు. మన కట్టడపు అంచనాలలో గది మాత్రమే కనబడుచుండును. బోధకుడు వెనుకటి పుటలో ఎక్కడనో జారిపోవును.

బోధకుడు ముందా, భవనము ముందా యను ప్రశ్నకు మన పొరుగుననే యున్న విజయనగరము సమాధానము చెప్పగలదు. 1919లో అచ్చట మహారాజు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పిరి. అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఫిడేలు నేర్పువారు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారిని విని, ఆచార్యునిగానే నియమించిరని నేటికిని చెప్పుకొందురు. అట్టివారు కూర్చున్నచోట గది యెట్లున్నదని యడిగినవాడు లేడు.

అయితే ఆ కథకు రెండవ ప్రక్కయు గలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922లో జన్మించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయి, సంగీతము నేర్వవలెనని విజయనగరము చేరిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలుని చేరదీసి విద్య చెప్పిరి. విద్యకు లోటు లేదు, అన్నమునకు లోటు. జోలె పట్టి యింటింటికి మధూకరమునకు పోయి ఆ బాలుడు కడుపు నింపుకొనెను. ఆ నాడు విజయనగరమున పాట యున్నది, కూడు లేదు. నేడు గురుకులములందు బిడ్డలకు కూడును, గూడును, గ్రుడ్డును, పాలును దొరకుచున్నవి. పాట నేర్పువారు మాత్రము చాలచోట్ల కానరారు. ఆ కాలమున కొఱవడినది మనము సమకూర్చి, ఆ కాలమున నున్నదానిని పోగొట్టుకొంటిమేమో యని నాకు దిగులు కలుగుచుండును.

వ్యాయామము విషయమునను విజయనగరమే తార్కాణము. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగువారుండరు. ఉక్కుగొలుసులు త్రెంచుటయు, రొమ్ముమీద ఏనుగు నెక్కించుకొనుటయు అందఱును చెప్పుకొందురు. ఆయన సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి పాఠశాలలో డ్రిల్లు మేష్టరుగా పనిచేసెనను సంగతి మాత్రము తక్కువమంది తలంతురు. సర్కసు తరువాతి మాట, బడి ముందు.

ఇక గురుకులముల కథ. 1971లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రియైన కొలది దినములకే, నవంబరు 23వ తేదీన, నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరముననే జనవరిలో ఇందిరాగాంధిగారు మన విశాఖ ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి వేసిరి. మఱుసటి సంవత్సరము గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్ళిలోను గురుకులములు తెఱచిరి. పల్లెటూరి తెలివిగల బిడ్డను తెచ్చి, ఒక్కచోట నుంచి, చక్కగా చదివించిన నేమగునో చూపుట ఆ పాఠశాలల యుద్దేశము. వాని పేరు మొదట పరీక్షాఫలితములవలననే వ్యాపించెను. అందులో తప్పు లేదు. కాని ర్యాంకుల కీర్తి బలపడిన కొలదియు, ఆ కీర్తిని చూచి వెలసిన ఇతర వసతి విద్యాలయములు కొన్ని చదువును మాత్రమే అనుకరించి, మైదానమును విడిచిపెట్టినవి. నాలుగంతస్తుల మేడ, క్రింద వాహనములు నిలుపు చోటు, పైన డాబా. ఆ డాబామీద బట్టలారవేయుదురు. పిల్లలు పరుగెత్తునది యెక్కడ?

గురుకులముల పేరు వేఱొక విధముగ లోకమంతట మ్రోగినది 2014లో. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచుండెను. ఆ సంవత్సరము మే 25వ తేదీన, పదునాలుగేండ్లు ఇంకను నిండకమునుపే, ఆమె టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖర మెక్కెను. ఖమ్మము జిల్లావాడైన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనందకుమార్ ఆమెకు సహచరుడు. రాష్ట్రము రెండుగ విడిపోవుటకు అప్పటికి ఇంకను ఒక వారముండెను.

శ్రోతలు గమనింపవలసినది, ఆ బిడ్డకు మొట్టమొదట దొరకిన సాధనస్థలమేమియో. భువనగిరికోట నిలిచియున్న ఏకశిల. ఆ బండపైననే త్రాళ్ళు పట్టుకొని ఎక్కుట నేర్చినది. పిదప డార్జిలింగు, పిదప లడఖు చలి. బండ వేలయేండ్లుగ అచ్చటనే యున్నది. దానిని బడిపిల్లలకు చూపినవారు, అడవిబిడ్డ కూలిబిడ్డ యని సంకోచింపక త్రాడు చేతికిచ్చినవారు క్రొత్తగ వచ్చిరి. మన విశాఖ చుట్టును కొండలకు కొదువ లేదు. యారాడ కొండయు, సింహాచలపు మెట్లును, అనంతగిరి దారులును ఖర్చు లేని వ్యాయామశాలలు. ఎన్ని పాఠశాలలవారు వానిని తమ పట్టికలో చేర్చుకొనిరో!

బండ చాలదందురా? నిజమే, అన్నింటికిని చాలదు. విశాఖలో 1999లో జన్మించిన జ్యోతి యర్రాజి కథ చూడుడు. తండ్రి కావలికాయు కొలువువాడు. పోర్టు ఉన్నత పాఠశాలలో చదువుచుండగా వ్యాయామోపాధ్యాయుని కన్ను ఆమె పొడవుమీద పడినది. అడ్డులు దాటు పరుగునకు ఈమె తగునని యాయన గుర్తించెను. అంతవఱకు బడి చాలినది. ఆ పైని చదువునకు ఆమె ఇల్లు విడిచి హైదరాబాదులోని క్రీడావసతిగృహమునకు పోవలసివచ్చెను. అచ్చటినుండి గుంటూరు, అచ్చటినుండి భువనేశ్వరము. 2023లో బ్యాంకాకులో ఆసియా విజేత, హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో రజతము, 2024లో పారిస్ ఒలింపిక్సు. నూఱు మీటర్ల హర్డిల్సున ఒలింపిక్సునకు పోయిన మొదటి భారతీయురాలు ఆమెయే. మంచి నేలయు, నిలుకడగల శిక్షకుడును, వేళకు అన్నమును ఒక్కచోట దొరకుటకు ఆమె అన్ని యూళ్ళు తిరుగవలసివచ్చినది.

ఇప్పుడు కట్టువారికి కొన్ని మాటలు. ఎనిమిది వరుసల నాలుగువందల మీటర్ల పరుగుబాటకు పొడవు సుమారు 177 మీటర్లు, వెడల్పు 93 మీటర్లు కావలెను. అనగా నాలుగెకరముల పైచిలుకు. నగరములో ఆ నేల యెవరికున్నది? లేనివారు సిగ్గుపడనక్కఱలేదు. బాలికల కబడ్డీకి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు చాలును. వాలీబాలునకు 18, 9 చాలును. కొందఱు ధనమున్నదిగదా యని రబ్బరుబాట పఱపింతురు. విశాఖ వేసవిలో మధ్యాహ్నము దానిపై వట్టికాళ్ళ బిడ్డ నిలువలేడు; కొన్నియేండ్లకు దానిని మరల పఱపింపక తప్పదు. నేను చూచినంతలో బడిపిల్లలకు చక్కగా చదునుచేసి, నీరు నిలువకుండ వాలు పెట్టిన మట్టినేల మేలు. గోలుకంబములు ఉత్తర దక్షిణములుగ నిలుపుడు. సాయంకాలపు టెండ ఆటగాని కన్నులలో పడదు.

కప్పు విషయము మఱి జాగ్రత్తగ చూడవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముమీదుగ పోయినపుడు ఇనుపరేకులు కాగితములవలె ఎగిరిపోవుట చూచినవారు మఱవరు. పెద్ద రేకుల కప్పు క్రింద రెండువందలమంది బిడ్డలను కూర్చుండబెట్టు మందిరమునకు గాలివాన లెక్క కట్టిన ఇంజనీరు సంతకము లేనిదే తాళము తీయరాదు. కప్పు లేని రంగస్థలము గూడ రంగస్థలమే. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారికి ఆరుబయలు నాటకశాల కలదు. అచ్చటి గ్రంథాలయాధికారియైన అబ్బూరి రామకృష్ణారావుగారు విద్యార్థులచే నాటకము లాడించుటకు ఎంతయో పాటుపడిరి. వాలుగ నున్న నేలకు నాలుగు మెట్లు తీర్చి, ముందొక అరుగు కట్టినచో పాఠశాలకు చాలును.

కట్టుటతో పని ముగియదని మన నౌకాశ్రయమే చెప్పుచున్నది. దానిని 1933 డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభించెను. కెరటములు దక్షిణమునుండి ఇసుకను తెచ్చి ప్రవేశమార్గమును పూడ్చుననియెఱిగి, కట్టినవారు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగ నిలిపిరి. అయినను నేటివఱకు ఆ యిసుకను ఏటేట త్రవ్వితీయుచునే యున్నారు. సముద్రపు గాలిలో ఉప్పు కలదు. గోలుకంబములు తుప్పు పట్టును, హార్మనీ పలకలు మూగపోవును, తేమకు తబలా చర్మము సడలును, ఎండకు వీణమెట్ల క్రింది మైనము కరగును. ప్రారంభోత్సవపు శిలాఫలకమునకు మాత్రము ఏమియు కాదు. కట్టడమునకు సొమ్ము నిచ్చు దాతలు ఏటేటి మరమ్మతునకు గూడ కొంత నిధి కట్టిపెట్టినచో, వారి పేరు మఱికొంత పెద్ద అక్షరములతో చెక్కించినను నాకు అభ్యంతరము లేదు.

కళల గదిలో నేమి యుంచవలెనని యడుగుదురు. పరాయి బొమ్మలు గోడకు వ్రేలాడదీయుటకు ముందు మన చేరువనున్నది చూడుడు. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తిరుగుడుయంత్రముపై చెక్కి, చెట్ల రంగులు కలిపిన లక్కతో మెఱుగుపెట్టి బొమ్మలు చేయుదురు. బొబ్బిలి దగ్గఱ గొల్లపల్లిలో ఒక్క పనసమ్రానునే తొలిచి ఏకాండి వీణ చేయుదురు. అరకులో థింసా ఆడు స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసికొని పాముమెలికవలె తిరుగుదురు. ఆ మన్యపు గురుకులములలో చదువు బాలికలకు అది తల్లి నేర్పిన యాట. పట్టణపు బడికి వచ్చిన మన్యపు బిడ్డ ఆ యాట నాడ సిగ్గుపడుచున్నచో, లోపము బిడ్డయందు లేదు. ఏటికొప్పాక పనివానిని నెలకు నాలుగు దినములు బడికి రప్పించి, అధ్యాపకునితో సమానముగ కుర్చీవేసి, జీత మిచ్చిన నెంత ఖర్చగును? పట్టా లేదని లెక్కల కచేరివారు అడ్డుచెప్పుదురు. ఆ యడ్డును తొలగింపవలసినవారు ఈ ప్రసంగము వినుచుందురని ఆశింతును.

మఱి తాళపుచెవి సంగతి. పాటగదికి తాళము, ఆటసామానుల బీరువాకు తాళము. చెవి ప్రధానోపాధ్యాయుని యొద్ద. ఆయన పట్టణమునకు పోయినారు. బంతి పోవునను భయముతో బంతిని దాచిన బడిలో బంతి చాలకాలము మన్నును, నిజమే. చెవిని ఇద్దఱు పెద్దపిల్లల కప్పగించి, అందొకరు బాలికగ నుండునట్లు చూడుడు. బాలబాలికలు కలిసి చదువుచోట మైదానము సాయంకాలమంతయు బాలుర పాలైపోవుట నేను పలుమారులు చూచితిని. బాలికలు గట్టుమీద కూర్చుండి చూచుచుందురు. వారికి వేఱుగ గంట వేయవలెను, లేదా నేలను సగము చేయవలెను. నెలలో ఆ నాలుగైదు దినములు వారికి నీళ్ళును మఱుగును దగ్గఱ లేనిచో ఎంత మంచి మైదానమైనను వారికి దూరమే. కావున స్నానపుగదిని మైదానపు గట్టుననే కట్టుడు.

పదవ తరగతివారిని సంక్రాంతి తరువాత ఆటనుండి మానిపించుట పెక్కుచోట్ల ఆచారమైనది. తెల్లవారు నాలుగు గంటలకు లేపి, రాత్రి పది వఱకు కూర్చుండబెట్టిన బిడ్డకు సాయంకాలపు ముప్పావుగంట గూడ లేకున్నచో వాడు పుస్తకమును చూచునేగాని చదువడు. తల్లిదండ్రులు ఈ మార్గశిర పుష్యమాసములలో బిడ్డను చూడబోయినపుడు మార్కులపట్టీ యడిగిన పిదప, నిన్న సాయంకాలము ఏమి యాడితివని గూడ అడుగుడు. వాడు జవాబు చెప్పుటకు తడుముకొన్నచో ఆఫీసుగదివైపు నడువుడు.