మాత్ర పేరు మారినప్పుడు



2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన హుస్నాబాదు కరీంనగరు జిల్లానుండి సిద్దిపేట జిల్లాలోనికి వచ్చినది. ఉత్తరములపై జిల్లా పేరు మారినది గాని ఊరు తనచోటనే యున్నది. గర్భనిరోధక మాత్రల అట్టపై పేరు మారినప్పుడును ఒక్కొక్కసారి ఇంతే జరుగును. మరియొకప్పుడు పేరుతోపాటు లోని మందును, దానిని తీసికొను పద్ధతియు మారిపోవును. ఏది మారినదో తెలియకపోవుటవలన కలుగు చిక్కును గురించి నేడు ముచ్చటింపదలచితిమి.

హుస్నాబాదు చేరువ పల్లెలో ఒక యిల్లాలిని మే మెరుగుదుము. ఇద్దరు బిడ్డల తల్లి. మూడవ కాన్పు వలదనుకొని, మందుల దుకాణమునుండి తెప్పించుకొన్న మాత్రలను రెండేండ్లు వాడినది. ఆ అట్టలో 21 మాత్రలుండెడివి. అవి ముగిసిన పిమ్మట ఏడు దినములు ఊరకుండి ఎనిమిదవనాడు క్రొత్త అట్ట మొదలిడవలెను. ఆమె అట్లే చేయుచుండెను. ఒక నెల దుకాణమున ఆ సరుకు లేకపోయినది. అందుచే ఊరి ఆశ కార్యకర్త యొద్ద ఉచితముగా దొరకు మాలా-ఎన్ తీసికొన్నది. అందు 28 మాత్రలు. అన్నియు మ్రింగి, పూర్వపు అలవాటు చొప్పున మరల ఏడు దినములు మానినది. "ఒక్కనాడు సుత గోలీ మర్వలేదక్కా" అని కన్నీటితో చెప్పినది. ఆ మాట నిజమే. అయినను గర్భము నిలిచినది.

కారణ మిది. మాలా-ఎన్ అట్టలోని 28 మాత్రలలో గర్భమును నిరోధించునవి 21 మాత్రమే. తక్కిన ఏడును రక్తవృద్ధికై చేర్చిన ఇనుము మాత్రలు. వాని రంగు వేరుగా నుండును. అవి గర్భమును ఆపవు. రోజుకొకటి వేసికొను అలవాటు తప్పకుండుటకు గూడ అవి యుపకరించును. అవి మ్రింగు ఏడు దినములును మందులేని దినములే. ఈ యిల్లాలు వానికి మరియొక ఏడు కలిపినది, పదునాలుగు దినములైనది. హార్మోను మాత్ర లోనికి పోవుచున్నంతకాలము అండము విడుదల కాదు. ఏడు దినముల విరామము దాటినచో అండాశయము మేల్కొనును.

కావున ఒక మాత్రనుండి మరియొక మాత్రకు మారునప్పుడు గుర్తుంచుకొనవలసిన లెక్క యొక్కటే: హార్మోను లేని దినములు ఏడు దాటరాదు. పాత అట్టలోని చివరి హార్మోను మాత్ర వేసికొన్న మరునాడే క్రొత్త అట్ట మొదలిడుట మిక్కిలి సులువైన మార్గము. ఇనుము మాత్రలు గూడ ముగింపదలచినచో, అవి ముగిసిన మరునాడు తప్పక మొదలిడవలెను. బహిష్టు కాలేదని వేచియుండుట తగదు. ఎడము ఎక్కువైనదని తోచినచో క్రొత్త మాత్రలు మొదలిడి, ఏడు దినములు నిరోధ్ వాడవలెను. ఆ యెడములో కలయిక జరిగియున్నచో వైద్యుల నడుగవలెను.

ఇక పేరుల సంగతి. మాలా-ఎన్, మాలా-డి అనునవి ఒకే మందు. ఒక్కొక్క మాత్రయందు లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మిల్లీగ్రాములు. మొదటిది ఉచితముగా పంచుటకును, రెండవది స్వల్పమైన వెలకు అమ్ముటకును ఏర్పడినవి. ఓవ్రాల్-ఎల్ లోని పాళ్లును ఇవియే. కాని ఓవ్రాల్-జి యన్నచో చివరి యక్షరముతోపాటు మందు పాలు గూడ మారి, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 0.05 మిల్లీగ్రాములగును. ఒక జంటలో అక్షరము మారినను మందు మారలేదు. వేరొక జంటలో అక్షరముతో మందును మారినది. ఈ భేదమంతయు అట్ట వెనుక చీమకాళ్లవంటి అక్షరములలో నుండును. పెక్కు అట్టలపై తెలుగు మాట యొక్కటియు కానరాదు. వాడువారికి తెలియని లిపిలో వాడుక విధానము అచ్చొత్తుట మాకు న్యాయముగా తోపదు.

ఈ పాళ్లు తెలియనందున డబ్బు గూడ వృథా యగును. వికారముగా నున్నదనియో, నడుమ రక్తము కనబడుచున్నదనియో ఒకామె ఉచితపు మాత్రను మాని, వెల హెచ్చైన వేరొక అట్ట తెప్పించును. తరచి చూచిన అందులోనిదియు ఆ మందే! ధర మారినది, మందు మారలేదు. ఇట్టి బాధలు సాధారణముగా రెండు మూడు నెలలలో సర్దుకొనును. రాత్రి భోజనానంతరము మాత్ర వేసికొన్నచో వికారము తగ్గును. అప్పటికిని తగ్గనిచో వైద్యుల యాలోచనతో వేరు పాళ్లుగల మాత్రకు మారవచ్చును. నెల కొక పేరుకు గెంతుటయు, కొన్ని నెలలు మాని మరల మొదలిడుటయు మంచిది కాదు. నరములలో రక్తము గడ్డకట్టు ప్రమాదము స్వల్పమే యైనను, క్రొత్తగా మొదలిడినప్పుడును, చాలకాలము మాని తిరిగి ప్రారంభించినప్పుడును అది హెచ్చుగా నుండును. పిక్కలో నొప్పి, వాపు, గుండెలో నొప్పి, భరింపరాని తలనొప్పి, చూపు మసకబారుట, కామెర్లు కనబడినచో మాత్ర మాని దవాఖానకు పోవలెను.

ముప్పదియైదేండ్లు దాటి పొగత్రాగువారు, రక్తపుపోటు కలవారు, కాలేయవ్యాధి కలవారు ఈ మాత్రలను పేరు మార్చియైనను వాడరాదు. క్షయరోగమునకు ఇచ్చు రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చు కొన్ని మందులు మాత్రల బలమును తగ్గించును. క్షయకు మందు వాడుచు ఈ సంగతి దాచిన స్త్రీ ఎన్ని పేరులు మార్చినను లాభము లేదు.

ఇవన్నియు ఇంటిలో పెద్దలను అడిగి తెలిసికొనవచ్చును గదా యందురేమో. తెలంగాణమున కుటుంబ నియంత్రణ మనగా స్త్రీలకు చేయు ఆపరేషనే యని పేరుపడినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి వివాహితలలో సగముకంటె ఎక్కువమంది దానినే ఆశ్రయించిరి. అత్తకును తల్లికిని మాత్రల అనుభవము లేదు. పెనిమిటి దుకాణమునకు పోయి, సిగ్గుపడి, ఇచ్చినది జేబులో వేసికొని వచ్చును. అతని చేతికి పాత అట్ట నిచ్చి పంపుట మేలు. నోరు విప్పనక్కరలేకయే పని జరుగును.

మొదట చెప్పిన యిల్లాలికి మూడవ బిడ్డ కలిగినది. బిడ్డకు పాలిచ్చుచున్నందున ఆరు నెలలు నిండువరకు మాలా-ఎన్ వంటివి వాడరాదనిరి. ఛాయ అను మాత్ర నిచ్చిరి. ఇది పేరు మాత్రమే గాక జాతియే వేరైనది. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ కనుగొన్న సెంట్‌క్రోమన్ అను ఈ మందులో హార్మోను లేదు. 1991లో సహేలి యను పేర బజారులోనికి వచ్చినది. దీనిని దినదినము వేసికొనరాదు. తొలి మూడు నెలలు వారమునకు రెండుసార్లు, ఆ పిమ్మట వారమున కొకసారి. మాలా అలవాటుచే ఛాయను రోజును మ్రింగుటయు, ఛాయ అలవాటుచే మాలాను వారమున కొకటి మ్రింగుటయు రెండును పొరపాట్లే.

ఆమె తొలి మాత్ర ఆదివారమునాడు వేసికొన్నది. కావున గోడమీది క్యాలెండరులో ఆదివారములకును బుధవారములకును పెద్ద కూతురిచేత ఎర్రపెన్సిలుతో సున్నలు చుట్టించినది. నాలుగవ నెలనుండి బుధవారములకు సున్నలు లేవు. చదువురాని ఆమెకు ఆ సున్నలే చాలును.