కొనుగోలుపై పన్ను: జపాను దేశపు వాదము

జపాను దేశమున ఒక యెన్ నాణెము అల్యూమినియముతో చేయబడినది. దాని బరువు సరిగా ఒక గ్రాము. 1989 ఏప్రిలు 1వ తేదీన ఆ దేశమున వినియోగపు పన్ను అమలులోనికి వచ్చినప్పుడు ఈ చిన్న నాణెమునకు గిరాకి పెరిగినది. పన్ను నూటికి మూడు. అంతవరకు నూరు యెన్లకు అమ్మిన వస్తువు నాటినుండి నూట మూడు యెన్లయ్యెను. చిల్లర సరిపెట్టుటకు నాణెములు చాలక, ప్రభుత్వ టంకశాల వానిని విస్తారముగా ముద్రింపవలసి వచ్చినది.

ఆదాయపు పన్ను జీతములో ముందే కోతపడిపోవును. ఎగుమతి దిగుమతి సుంకములు వస్తువు ధరలో కలిసిపోవును. కొనుగోలుపై పన్ను అట్టిది కాదు. గృహిణి కూరలు కొన్నను, విద్యార్థి కలము కొన్నను అది చేతి చిల్లరలో కనబడును. దినమునకు పదిమార్లు ప్రజలను పలుకరించు పన్ను ఇది. కావుననే దీనిని పెంచుదమని తలపెట్టిన ప్రతి ప్రభుత్వమునకును ప్రజలతో పేచీ వచ్చినది. ఆ పన్ను నూటికి మూడునుండి పదికి చేరుటకు ముప్పది సంవత్సరములు పట్టినది. ఆ కాలమున పక్షములు చీలినవి, ప్రధానమంత్రులు పదవులు విడిచిరి. ఆ వాదమును గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట ఈ పన్ను నడచు తీరు తెలిసికొందము. కలప వర్తకుడు వడ్రంగికి వేయి యెన్ల కలప అమ్మెననుకొనుడు. నూటికి పది చొప్పున నూరు యెన్లు పన్ను వసూలుచేసి ప్రభుత్వమునకు కట్టును. వడ్రంగి దానితో బల్ల చేసి అంగడివానికి మూడు వేలకు అమ్మి, మూడు వందలు పన్ను పుచ్చుకొనును. అందు తాను లోగడ చెల్లించిన నూరు మినహాయించి రెండు వందలు కట్టును. అంగడివాడు అయిదు వేలకు అమ్మి, అయిదు వందలు వసూలుచేసి, మూడు వందలు మినహాయించి రెండు వందలు కట్టును. ఖజానాకు చేరినది మొత్తము అయిదు వందలు. కట్టిన చేతులు మూడు. భరించినది మాత్రము బల్ల కొన్న గృహస్థుడు.

ఇట్టి పన్ను ఏల కావలసి వచ్చినది? జపానులో 1990లో అరువది యయిదేండ్లు నిండినవారు నూటికి సుమారు పన్నెండుగురు. నేడు నూటికి సుమారు ఇరువదితొమ్మండుగురు. వారికి పింఛను, వైద్యము, మంచముపట్టినవారికి సంరక్షణ కావలయును. పనిచేయు వయస్సువారా, తగ్గిపోవుచున్నారు. ఆదాయపు పన్ను ఒక్కదానిపైననే ఆధారపడినచో ఈ బరువంతయు ఆ కొద్దిమందిపై పడును. కొనుగోలుపై పన్నునైతే ముసలివారును, పడుచువారును, ఆస్తిపై బ్రతుకువారును అందరును చెల్లింతురు. వ్యాపారము మందగించినను రాబడి అంతగా తగ్గదు. ఇది పన్నును సమర్థించువారి వాదము.

వారు మరియొక మాట కూడ చెప్పుదురు. పన్ను అధికారులకు జీతగాని ఆదాయములో తొమ్మిది వంతులు, సొంత వ్యాపారి ఆదాయములో ఆరు వంతులు, రైతు ఆదాయములో నాలుగు వంతులు మాత్రమే దొరకునని, జపానులో “తొమ్మిది, ఆరు, నాలుగు” అను నానుడి పుట్టినది. ఆదాయము దాచినవాడును వస్తువు కొనక తప్పదు గదా యని వారి తర్కము.

ఎదుటివారి వాదము ఇంతకంటె తేలికది కాదు. నెలకు రెండు లక్షల యెన్లు వచ్చు కుటుంబమొకటి, అందు లక్షా ఎనుబది వేలు పన్ను తగులు వస్తువులకు వెచ్చించుననుకొందము. నూటికి పది చొప్పున పన్ను పదునెనిమిది వేలు. అనగా ఆదాయములో నూటికి తొమ్మిది. పది లక్షలు వచ్చు కుటుంబము నాలుగు లక్షలు వెచ్చించి తక్కినది దాచుకొన్నచో పన్ను నలువది వేలు. ఆదాయములో నూటికి నాలుగే. అంగడిలో ఇరువురికిని రేటు ఒక్కటే; ఇంటికి పోయి చూచుకొన్నచో భారము పేదవానికే రెండింతలు. ఆదాయములేని వృద్ధురాలు కొనిన రొట్టెపై పన్ను వేసి, ఆ సొమ్ముతో ఆమెకే పింఛను ఇత్తుమనుట న్యాయమా యని వీరు ప్రశ్నింతురు. పైగా ధర పెరిగిన కొలది జనులు కొనుటను తగ్గింతురనియు, దానివలన వ్యాపారమే కుంటుపడుననియు చెప్పుదురు.

రెండు వాదములందును సత్యమున్నది. కాని జపాను చరిత్రను పరికించినచో, ప్రజల ఆగ్రహమును రేపినది పన్ను మాత్రమే కాదనియు, దానిని తెచ్చిన తీరు కూడననియు మాకు తోచుచున్నది.

1979లో మసయోషి ఓహిరా ప్రధానిగా నుండి, ప్రభుత్వపు అప్పుల భారము తగ్గించుటకు ఇట్టి పన్ను అవసరమని చెప్పెను. వ్యతిరేకత పెరుగగా ఎన్నికల నడుమనే దానిని విరమించుకొనెను. అయినను ఆతని లిబరల్ డెమోక్రటిక్ పక్షమునకు ఆధిక్యము దక్కలేదు. 1986 ఎన్నికలలో యసుహిరో నకసోనే పెద్ద పరోక్షపు పన్ను వేయబోనని చెప్పి ఘనవిజయము పొందెను. మరుసటి యేడే నూటికి అయిదు చొప్పున అమ్మకపు పన్ను బిల్లు తెచ్చెను. వర్తకులు, గృహిణులు, సొంత పక్షమువారు సైతము ఎదురుతిరుగగా ఆ బిల్లు మూలపడెను. తరువాత వచ్చిన నోబొరు తకెషితా 1988 డిసెంబరులో చట్టమును నెగ్గించెను. అదే సమయమున రిక్రూట్ సంస్థ వాటాల కుంభకోణము బయటపడి, పన్ను మొదలయిన కొద్ది నెలలకే ఆతడు పదవి విడువవలసి వచ్చెను. 1989 జూలైలో జరిగిన ఎగువసభ ఎన్నికలలో ఆతని పక్షము ఆ సభలో మొదటిసారిగా ఆధిక్యమును పోగొట్టుకొనెను. నాడు విజయము సాధించిన సోషలిస్టు పక్షమునకు నాయకురాలు తకాకో దోయి యను మహిళ. బజారు ధరలు ప్రతిదినము చూచు స్త్రీలు ఆ ఎన్నికలలో ముందునకు వచ్చిరి.

1994 ఫిబ్రవరిలో మరియొక వింత జరిగినది. ప్రధాని మొరిహిరో హొసొకవా నడిరేయి పత్రికా విలేఖరులను పిలిచి, వినియోగపు పన్ను తీసివేసి నూటికి ఏడు చొప్పున “ప్రజా సంక్షేమపు పన్ను” వేయుదునని ప్రకటించెను. ఏడే ఏల అని అడిగినవారికి గట్టి లెక్క చెప్పలేకపోయెను. ఆ ప్రతిపాదన రోజులు తిరుగకుండనే వెనుకకు పోయెను. ఏప్రిలులో ఆతడును రాజీనామా యిచ్చెను. అదే సంవత్సరము నవంబరులో, పన్నును ఎదిరించి బలపడిన సోషలిస్టు పక్షమునకు చెందిన తొమీచి మురయామా ప్రధానిగా నుండి, రేటును మూడునుండి అయిదునకు పెంచు చట్టమును నెగ్గించెను.

ఆ పెంపు 1997 ఏప్రిలులో ర్యుతారో హషిమోతో కాలమున అమలయినది. జూలైలో ఆసియా దేశముల ద్రవ్యసంక్షోభము మొదలయ్యెను. నవంబరులో యమయిచి సెక్యూరిటీస్, హొక్కయిదో తకుషోకు బ్యాంకు కూలిపోయెను. మరుసటి యేడు ఎన్నికలలో ఓడి హషిమోతో తప్పుకొనెను. మాంద్యమునకు కారణము పన్నా, బ్యాంకులా అని ఆర్థికవేత్తలు ఇప్పటికిని వాదించుకొనుచునే యున్నారు.

2009లో డెమోక్రటిక్ పక్షము నాలుగేండ్లు పన్ను పెంచమని చెప్పి అధికారమునకు వచ్చినది. ఏడాది తిరుగకుండనే నవోతో కాన్ నూటికి పది యను మాట యెత్తెను. పేదలకు ఏమి వాపసు ఇత్తురని అడుగగా ఊరికొక లెక్క చెప్పి, ఎగువసభలో ఆధిక్యము పోగొట్టుకొనెను. 2012లో యోషిహికో నోడా ప్రతిపక్షములు రెండింటితో ఒడంబడిక చేసికొని, రేటును ఎనిమిదికి, పిదప పదికి పెంచు చట్టమును ఆగస్టులో నెగ్గించెను. పక్షము చీలిపోయెను. డిసెంబరు ఎన్నికలలో దానికి దిగువసభలో దక్కినవి 57 స్థానములు మాత్రమే.

చట్టము తెచ్చినది నోడా. అమలుపరచినది షింజో ఆబే. 2014 ఏప్రిలులో ఎనిమిది వచ్చినది. కొనుగోళ్ళు ఒక్కమారుగా పడిపోవుట చూచి ఆబే తరువాతి పెంపును రెండుమార్లు వాయిదా వేసెను. 2019 జూలై ఎన్నికలలో మాత్రము, అక్టోబరులో పది చేయుదునని ముందుగనే చెప్పి నిలిచెను. ఆతని కూటమి ఆధిక్యము నిలుపుకొనెను. ఆ సొమ్ములో కొంత మూడునుండి అయిదేండ్ల పిల్లల శిశువిద్యను ఉచితము చేయుటకు వినియోగింతుమని లోగడనే ప్రకటించి యుండిరి.

ముందుగా చెప్పిన ఓహిరా, కాన్ కూడ ఓడిరి గదా యని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. పన్ను వేయుదునని చెప్పుట ఒక్కటే చాలదు. ఆ సొమ్ము ఎవరికి చేరునో, పేదవాని పళ్ళెమునకు ఏమి రక్షణయో కూడ చెప్పవలెను. 2012 నాటి సంస్కరణతో ఈ పన్ను రాబడిని పింఛను, వైద్యము, వృద్ధుల సంరక్షణ, శిశుసంక్షేమము అను నాలుగింటికి వినియోగింపవలెనని చట్టములోనే వ్రాసిరి. 2019లో ఆహారపదార్థములకు ఎనిమిదియే నిలిపిరి. దానివలన కొత్త చిక్కు వచ్చినది: రొట్టె ఇంటికి కొనిపోయినచో ఎనిమిది, అంగడిలో కూర్చుండి తిన్నచో పది!

విమర్శకుల సందేహము దీనితో తీరలేదు. 1989లో నూటికి నలువదిగా నున్న కంపెనీల పన్ను 2018 నాటికి 23.2కు దిగినది. ఒక జేబులో పెంచి ఇంకొక జేబులో తగ్గించినప్పుడు, చట్టములో “సంక్షేమము” అని వ్రాసినంత మాత్రమున సొమ్ము సంక్షేమమునకే చేరినట్లా యని వారడుగుచున్నారు. చిన్న వర్తకుల సంగతియు ఉన్నది. ఏడాదికి మూడు కోట్ల యెన్ల లోపు వ్యాపారము చేయువారిని మొదట మినహాయించిరి. 2004లో ఆ హద్దును ఒక కోటికి దింపిరి. కొనువాడిచ్చిన పన్ను కొన్ని అంగళ్ళలోనే నిలిచిపోవుచున్నదని ఫిర్యాదు. 2023 అక్టోబరులో, నమోదయిన వర్తకుని రసీదు ఉన్ననే మినహాయింపు అను పద్ధతి తెచ్చిరి. అప్పుడు సొంతముగా పనిచేసికొను చిత్రకారులు, కంఠదానము చేయు నటులు తమ కొద్దిపాటి సంపాదనకు కోత పడునని వీధికెక్కిరి.

2025 వసంతమున అక్కడ బియ్యపు ధర అంతకుముందటి యేటికి సుమారు రెట్టింపయ్యెను. జూలైలో ఎగువసభ ఎన్నికలు వచ్చెను. ప్రతిపక్షములు పన్ను తగ్గింపవలెననెను. ప్రధాని షిగేరు ఇషిబా, పన్ను తగ్గించినచో వృద్ధుల పోషణకు సొమ్మెక్కడిదని ప్రశ్నించి, బదులుగా నగదు పంచుదుమనెను. ఆతని కూటమి ఆధిక్యమును పోగొట్టుకొనెను. ముప్పదియారేండ్ల తరువాతను వాదము తెగలేదు.

ఈ వాదము మనకు పరాయిది కాదు. 1939లో రాజగోపాలాచారి మంత్రివర్గము మద్రాసు రాష్ట్రమున సాధారణ అమ్మకపు పన్ను వేసినప్పుడు మన ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. సేలము, చిత్తూరు, కడప జిల్లాలలో మద్యనిషేధము వలన తగ్గిన అబ్కారీ రాబడిని పూడ్చుట ఆ పన్ను ఉద్దేశములలో ముఖ్యమైనది. 2017 జూలై 1నుండి మన దేశమున వస్తు సేవల పన్ను వచ్చినది. దీని రేట్లను సూచించునది కేంద్ర రాష్ట్ర మంత్రులు కూడిన మండలి. అందు తీర్మానము నెగ్గుటకు నాలుగింట మూడు వంతుల బలము కావలయును. కేంద్రమునకు మూడవ వంతు, రాష్ట్రములన్నిటికిని కలిపి రెండు వంతులు. అందరును కలిసి నిర్ణయించుట మంచిదే. కాని జపానులో పన్ను పెంచిన ప్రధాని ఎన్నికలలో తానే జవాబు చెప్పుకొనెను. మన దేశమున రేటు పెరిగినచో ఎవరిని నిలదీయవలెనో సామాన్యునికి తెలియదు.

పన్ను లేని ప్రభుత్వము లేదు. పన్ను లేక ఆసుపత్రియు లేదు, పింఛనును లేదు. పన్ను పెంచవలెనని వచ్చిన నాయకుని మనము అడుగవలసినవి మూడు: ఈ సొమ్ము ఎవరి కొరకు? నిరుపేద దీనిలో ఎంత మోయును, ఆతనికి తిరిగి ఏమి చేరును? ఈ మాట ఓటు అడిగినప్పుడు చెప్పితివా? మూడింటికిని సరియైన జవాబు వచ్చినచో అంగడిలో ఇచ్చు చిల్లర మనకు భారముగా తోచదు. రానిచో, నూటికి ఒక్కటి పెంచినను అడుగు హక్కు మనకున్నది.