గాలం రీలుకు పిడి: మన చేతికి తగినది ఏది?

(మనుబోలు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, వైద్య ఖర్చులు, లైఫ్ సర్టిఫికెట్ గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ పూటకు వాటిని పక్కన పెట్టి గాలం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంతోషం.

మనలో కొందరికి సాయంత్రం పూట చెరువు గట్టుకో, సర్వేపల్లి రిజర్వాయరుకో, కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేటికో గాలం తీసుకుని వెళ్లే అలవాటు ఉంది. వయసు మీద పడ్డాక ఒక్కొక్కరే మానుకుంటున్నారు. కారణం అడిగితే చేపలు లేవంటారు. చాలామందికి అసలు అడ్డం చేతులే. బొటనవేలి మొదట్లో నొప్పి. పొద్దున లేస్తే గుప్పిట మూసుకోదు. సుగరు ఉన్నవారికి ఒక్కోసారి వేలు వంగి అలాగే ఆగిపోతుంది. దానికి వైద్యుణ్ణి చూడవలసిందే. అయితే గాలాన్ని అటక ఎక్కించే ముందు రీలు పిడిని కూడా ఒకసారి చూడమని నా మనవి. చేప ఎంత పెద్దదని కాదు, మన చెయ్యి ఎలా ఉందని చూసి పిడిని ఎంచుకోవాలి. నేను చెప్పదలచుకున్నది అంతే.

పిడిలో రెండు భాగాలు. రీలు నుంచి బయటికి వచ్చేది కడ్డీ. దాని చివర వేళ్లతో పట్టుకునేది గుబ్బ.

ముందు కడ్డీ పొడవు. మన ఇళ్లలో తిరగలి పిడిని రాయి అంచున దిగగొట్టేవారు గాని నడుమ దగ్గర కాదు. నడిమికి ఎంత దూరమైతే తిప్పడం అంత తేలిక. రీలుకూ అదే సూత్రం. ఇరుసు నుంచి గుబ్బ నడిమి వరకు 50 మిల్లీమీటర్లున్న కడ్డీ తీసి 65 మిల్లీమీటర్లది వేస్తే, తిప్పడానికి కావలసిన బలం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఊరికే రాదు లెండి. మునుపు చుట్టుకు 31 సెంటీమీటర్లు తిరిగిన చెయ్యి ఇప్పుడు 41 సెంటీమీటర్లు తిరగాలి. మణికట్టు నొప్పి ఉన్నవారికి పొడవు కడ్డీ మేలు. భుజం పట్టేసినవారికి పొట్టిదే సుఖం. చిన్న రీలుకు మరీ పొడవు కడ్డీ తగిలిస్తే లోపలి పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయి. ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెంచకండి.

కొనేటప్పుడు పెట్టె మీద 5.2:1 అని ఒక అంకె ఉంటుంది. పిడి ఒక్క చుట్టు తిరిగితే దారం చుట్టే భాగం అయిదు చుట్లకు పైగా తిరుగుతుందని దాని అర్థం. ఈ అంకె పెరిగేకొద్దీ దారం త్వరగా వస్తుంది, చేతికి బరువూ పెరుగుతుంది. మన వయసుకు 5 దగ్గర ఉన్నది చాలు. పందేనికి పోవడం లేదు కదా.

రెండోది గుబ్బ. సన్నగా, చదునుగా ఉండేదాన్ని రెండు వేళ్లతో చిటికె పట్టినట్లు పట్టుకోవాలి. బొటనవేలి కీలుకు అంతకంటే శ్రమ లేదు. కోడిగుడ్డులాగా గుండ్రంగా, లావుగా ఉండేదైతే అరచెయ్యంతా ఆనుతుంది, వేళ్లు బిగించనక్కరలేదు. చేపను తాకిన చేతికి జిగురు ఉంటుంది, నున్నటి లోహపు గుబ్బ జారిపోతుంది. రబ్బరుదిగాని, స్పాంజిలాంటి తేలిక పదార్థంతో చేసినదిగాని మంచిది. కొన్ని రీళ్లకు కడ్డీ మార్చకుండా గుబ్బ ఒక్కటే మార్చుకోవచ్చు. చివరి మూత కింద మర ఉంటుంది. లోపలి సన్నని వాషర్లు ఏ వరుసలో వచ్చాయో చూసుకుని మళ్లీ అదే వరుసలో వేయాలి.

మూడోది ఏ పక్క అనేది. దారం ఉండే కండె తిరగకుండా ఉండే రీలుకు 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన పేటెంటు పొందారు. నేడు మనం ఎక్కువగా వాడే రకం అదే. ఈ కాలపు ఆ రకం రీళ్లలో చాలావాటికి పిడిని కుడికైనా ఎడమకైనా మార్చుకోవచ్చు. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి బలహీనపడినవారికి ఇది పెద్ద వరం. బలమున్న చేతికి కర్ర ఇచ్చి, రెండో చేతికి పిడి ఇవ్వండి. అది కుదరకపోతే తిరగేసి చూడండి. కర్ర పైభాగాన కూర్చునే డ్రమ్ము రకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. కుడిది కుడిదే, ఎడమది ఎడమదే. అందుచేత అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న పిల్లలు రీలు పంపుతామంటే, ఏ చేతిదో ముందే చెప్పండి.

మరతో బిగించే పిడికి మరొక జాగ్రత్త ఉంది. ముందుకు తిప్పేకొద్దీ బిగుసుకునేలా దాని మరలు ఉంటాయి. అందువల్ల ఎడమ పక్క బిగించేటప్పుడు మర తిరగబడి ఉంటుంది. పట్టలేదని బలవంతం చేస్తే మర చెడిపోతుంది. ఉప్పుటేటి నుంచి వచ్చాక మంచినీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, పిడి మొదట్లో ఒక్క చుక్క నూనె వేయండి.

చివరగా ఒక మాట. ఎంత మంచి పిడి అయినా చేపను లాగడానికి కాదు. పండుగప్పో, బొచ్చో తగిలినప్పుడు పిడిని బలంగా తిప్పితే చెయ్యి నొస్తుంది, దారం తెగుతుంది. కర్రను నెమ్మదిగా పైకెత్తి చేపను దగ్గరకు తీసుకోవాలి. కర్ర దించేటప్పుడు వదులైన దారాన్ని మాత్రమే పిడితో చుట్టుకోవాలి. బరువు కర్రది, పిడిది చుట్టడమే. ఇది పాటిస్తే సగం నొప్పి అక్కడే తగ్గుతుంది.

అంగడికి వెళ్లినప్పుడు ధర అడిగే ముందు కళ్లు మూసుకుని పిడిని ఇరవై చుట్లు తిప్పండి. వేళ్లు బిగుసుకుంటే అది మనది కాదు. ఇంట్లోని పిల్లలకు కూడా ఒక మనవి. నాన్నగారు గాలం మానేశారంటే వయసైపోయిందని వదిలేయకండి. ఆయన చెయ్యి పట్టుకుని చూసి, దానికి తగిన గుబ్బ ఒకటి తెచ్చి ఇవ్వండి. సాయంత్రం గట్టు మీద నలుగురి మధ్య గంటసేపు గడిపి వచ్చిన మనిషికి రాత్రి అన్నం సయిస్తుంది, నిద్రా పడుతుంది.