ఒక కొస ముట్టిస్తే చాలు, రెజిన్ మొత్తం దానంతటదే గట్టిపడుతుంది!



లాక్‌డౌన్‌లో అందరిలాగే నేనూ రెజిన్ ఆర్ట్ మొదలుపెట్టా. ఎపాక్సీ రెజిన్, హార్డెనర్ కలిపి, ప్లాస్టిక్ గ్లాసు నిండా పోసి పక్కన పెట్టా. ఇంతలో ఫోన్ వస్తే మాట్లాడుతూ ఉండిపోయా. తిరిగొచ్చి చూస్తే గ్లాసు మెత్తబడి వంగిపోయింది, లోపల్నుంచి పొగ! అమ్మ తిట్లు సరేసరి.

అసలేం జరిగిందంటే, ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే ఆ వేడి గాల్లోకి పోతుంది. గ్లాసులో ముద్దగా ఉంటే బయటికి పోలేదు. వేడి పెరిగితే రియాక్షన్ ఇంకా స్పీడ్, స్పీడ్ పెరిగితే ఇంకా వేడి. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే బ్రేక్ లేని లూప్ అన్నమాట.

ఇక్కడే అసలు విషయం. నా గ్లాసుని పాడుచేసిన ఆ వేడితోనే పని చేయించుకోవచ్చు. దీన్నే ఫ్రంటల్ పాలిమరైజేషన్ అంటారు. 1972లో సోవియట్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట చూపించారు. అప్పుడు వాడింది ఎపాక్సీ కాదు, యాక్రిలిక్ షీట్లు తయారుచేసే మిథైల్ మెథాక్రిలేట్. ఎపాక్సీతో ఈ పని బాగా చేసినవాళ్లలో వియన్నా టెక్నికల్ యూనివర్సిటీలోని రాబర్ట్ లిస్కా టీమ్ ఒకటి.

అగరుబత్తిని గుర్తుతెచ్చుకోండి. ఒక కొస ముట్టిస్తాం. ఆ ఎర్రటి నిప్పు పక్క పొడిని వేడిచేసుకుంటూ తనే ముందుకి పోతుంది. ఇక్కడా అంతే. కానీ ఏదీ కాలి బూడిదవ్వదు, గాలి కూడా అక్కర్లేదు. ముందు ద్రవం, వెనక గట్టి ప్లాస్టిక్, మధ్యలో 200 డిగ్రీలు కూడా దాటగల సన్నటి వేడి గీత. మామూలు హార్డెనర్ కలిపిన నిమిషం నుంచే పని మొదలెడుతుంది. ఇందులో వాడే మందు మాత్రం వేడి తగిలేదాకా నిద్రపోతుంది.

మరి ఇసుక, సిలికా, ఫైబర్ లాంటి ఫిల్లర్ కలిపితే? చిన్న లెక్క వేద్దాం. ఒక గ్రాము ఎపాక్సీ గట్టిపడితే సుమారు 500 జౌళ్ల వేడి వస్తుంది. ఆ గ్రాముని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 2 జౌళ్లు కావాలి. అంటే వేడి బయటికి పోకపోతే 250 డిగ్రీలు పెరుగుతుంది. ఇప్పుడు ఒక గ్రాము సిలికా కలపండి. అది వేడి పుట్టించదు, కానీ డిగ్రీకి 0.8 జౌళ్లు మింగేస్తుంది. పెరుగుదల 180కి పడిపోతుంది. మూడు గ్రాములు కలిపితే 115 కూడా రాదు. పక్క పొర నిద్ర లేవడానికి అది చాలకపోతే గీత మధ్యలోనే ఆగిపోతుంది, తడిసిన అగరుబత్తిలా.

అలాగని ఫిల్లర్ విలన్ కాదండోయ్. అసలు లేకపోతే వేడి మరీ ఎక్కువై బుడగలు, పొగ, పగుళ్లు. అంటే నా గ్లాసు కథే. కార్బన్ ఫైబర్, అల్యూమినియం లాంటివైతే ఇంకో మేలు కూడా చేస్తాయి, వేడిని ముందు పొరకి త్వరగా అందిస్తాయి. కాబట్టి అసలు ప్రశ్న ఫిల్లర్ కలపాలా వద్దా అన్నది కాదు, ఏది, ఎంత అన్నదే.

ఇంత తలనొప్పి ఎందుకంటారా? విమానం బాడీ లాంటి పెద్ద కాంపోజిట్ భాగాల్ని ఇప్పుడు పెద్ద పెద్ద ఓవెన్లలో గంటల తరబడి ఉడికిస్తున్నారు. ఎంత కరెంటో ఆలోచించండి. గీత తనే నడిస్తే బయట్నుంచి ఇవ్వాల్సింది మొదటి నిప్పు మాత్రమే.

ఒక్క మాట, ఇది ఇంట్లో ట్రై చేయకండి ప్లీజ్. ఆ పొగ మంచిది కాదు. రెజిన్ ఆర్ట్ చేసేవాళ్లు కొంచెం కొంచెమే కలపండి, గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తీసిపెట్టండి, కలిపింది గ్లాసులో వదిలేయకండి. ఫోన్ వస్తే? తర్వాత మాట్లాడొచ్చు!

మీ గ్లాసు కూడా ఎప్పుడైనా పొగలు కక్కిందా? కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై.